అడుగుకు అరంగుళం

పిల్లలూ, వేసవిలో తాటిముంజెలు తిన్న తరవాత ఆ బుర్రలను ఏం చేస్తారు? ఖమ్మం వైపు పల్లెటూళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. రెండు బుర్రలు తీసుకుని, వాటి మధ్య ఒక పుల్ల గుచ్చి, ఆ పుల్లకు పంగల కర్ర ఒకటి ఆనించి, నెట్టుకుంటూ వీధి వెంట పరిగెత్తుతారు. అదే బండి. దానికి పెట్రోలు అక్కరలేదు, గడ్డీ అక్కరలేదు. మూడు రోజులకు బుర్రలు ఎండి ముడుచుకుపోతాయి. అప్పుడు మళ్ళీ ముంజెలు తింటే సరి, కొత్త బండి తయారు!

ఆ బండి చాలా మంచి ఆటవస్తువు. కాని అది ఏ బండికి నమూనా అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఎడ్లబండికా, లారీకా, రాజుగారి రథానికా? దేనికీ కాదు. ఎందుకంటే దాన్ని మనం కొలిచి చెయ్యలేదు. కొలిచి చేసిన దానిని నమూనా అంటారు, ఇంగ్లీషువాళ్ళు స్కేలు మోడల్ అంటారు. ఈ నెల మనం ఒక పాతకాలపు మోటారు కారుకు అటువంటి నమూనా చెయ్యబోతున్నాం. మామూలు కారు కాదు, రాజుగారు కూర్చోవడానికి సింహాసనం అమర్చిన కారు. దానికోసం కుసుమంచి నుంచి రెండు ప్రయాణాలు చెయ్యాలి. ఒకటి పడమటికి, కారును చూసి రావడానికి. ఒకటి దక్షిణానికి, చెక్క బొమ్మగా ఎలా మారుతుందో చూసి రావడానికి.

ముందు కుసుమంచి ఎక్కడ ఉన్నదో చెప్పాలి. ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్ళే దారిలో వస్తుంది. పక్కనే పాలేరు జలాశయం. నాగార్జునసాగరం ఎడమ కాలువ నీళ్ళు దానిలోకి వచ్చి, మళ్ళీ ముందుకు సాగిపోతాయి. ఊళ్ళో కాకతీయుల కాలం నాటి శివాలయాలు రెండున్నాయి. ఒకటి గణపేశ్వరాలయం, రెండోది ముక్కంటేశ్వరాలయం. గణపేశ్వరాలయంలో శివలింగం ఎంత పెద్దదంటే, మొదటిసారి లోపలికి వెళ్ళినవాళ్ళు తల ఎత్తి చూసి, ఒక్క క్షణం మాట్లాడకుండా నిలబడిపోతారు.

కారు నమూనాకూ గుడికీ ఏమిటి సంబంధం అంటారా? కొలవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. గుడి ఎత్తు ఎంతో మీరు చెప్పగలరా? పైకెక్కి తాడు వేలాడదియ్యకూడదు. ఎవరూ ఎక్కనివ్వరు, ఎక్కడం తప్పు కూడాను. ఎండలో మూడడుగుల కర్ర ఒకటి తిన్నగా నిలబెట్టండి. దాని నీడ కొలవండి. రెండడుగులు వచ్చిందనుకోండి. అంటే ఆ వేళలో ప్రతి వస్తువు ఎత్తూ దాని నీడకు ఒకటిన్నర రెట్లు. వెంటనే, ఆలస్యం చెయ్యకుండా, గుడి నీడ కొలిచి ఒకటిన్నరతో హెచ్చవేస్తే ఎత్తు వచ్చేస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. చాలామంది నీడ కొన నుంచి గోడ దాకా కొలిచి ఊరుకుంటారు. గుడి పైకొన గోడ మీద లేదు కదా, గుడి నడిమిన ఉన్నది. అందుచేత గోడ నుంచి నడిమి దాకా ఉన్న దూరాన్ని కూడా కలుపుకోవాలి. నీడ గోడకు ఎదురుగా, తిన్నగా పడే వేళ చూసుకుంటే ఈ కలపడం తేలిక. ఒకరు తాడు పట్టుకుంటే ఒకరు అంకెలు రాసుకోండి. ఇంటికి పోయి రాసుకుందామంటే కుదరదు. అంకె ఇంటికి చేరేలోపల మారిపోతుంది!

కొలవడం వచ్చింది కనక ఇప్పుడు బస్సెక్కుదాం.

కుసుమంచి నుంచి సూర్యాపేట దాకా వెళ్ళామంటే విజయవాడ నుంచి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు తగులుతుంది. అక్కడి నుంచి నకిరేకల్లు, నార్కెట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా హైదరాబాదు. దారిలో లారీలనూ కార్లనూ లెక్క పెట్టడం విసుగు పుడితే, వాటి చక్రాల సైజులు గమనించండి. ఈ పని తరవాత ఉపయోగపడుతుంది. హైదరాబాదులో మూసీ దాటి చార్మినారు దగ్గరకు వెళ్ళాలి. అక్కడ లాడ్ బజారు గాజుల దుకాణాల దగ్గర అక్కయ్యలు ఆగిపోకుండా చూసుకుంటే, కాసేపట్లో చౌమహల్లా ప్యాలెస్ చేరవచ్చు. చౌమహల్లా అంటే నాలుగు మహళ్ళు అని అర్థం. నిజాం ప్రభువులు దర్బారులు జరిపిన చోటు అది. శుక్రవారం సెలవు కనక ఆ రోజున బయలుదేరవద్దు.

లోపల అద్దాల దీపాలూ, కత్తులూ, చైనా పళ్ళేలూ చాలా ఉన్నాయి. వాటిని పెద్దవాళ్ళకు వదిలి, మీరు నేరుగా కార్ల దగ్గరకు వెళ్ళండి. అక్కడ పసుపుపచ్చని కారు ఒకటి ఉన్నది. అదే మనది.

దాని కథ కొంచెం వినండి. ఇంగ్లండులో రోల్స్, రాయిస్ అని ఇద్దరు ఉండేవారు. ఒకరు కార్లు అమ్మేవారు, ఒకరు యంత్రాలు చేసేవారు. ఇద్దరూ కలిసి 1906లో రోల్స్ రాయిస్ కంపెనీ పెట్టారు. ఆ ఏడాదే ఆరు సిలిండర్ల పెద్ద కారు ఒకటి బయట పెట్టారు. అటువంటి కార్లలో ఒకదానికి 1907లో వెండి రంగు వేసి, దానికి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టారు. అంటే వెండి దెయ్యం! నడుస్తుంటే చప్పుడు వినిపించదు కనక దెయ్యమన్నమాట. ఆ ఒక్క కారు పేరే తరవాత ఆ జాతి కార్లన్నిటికీ వచ్చేసింది. అందుకే మన కారు పసుపుపచ్చగా ఉన్నా, అదీ వెండి దెయ్యమే.

దీనిని చేయించినవారు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. అయితే ఆయన దానిలో ఎక్కలేదు. 1911 ఆగస్టులో ఆయన చనిపోయారు. కారు ఆ తరవాత చేరింది. ఆయన కొడుకు, ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్, దర్జాగా ఊరేగవలసిన సమయాలలో మాత్రమే దానిని బయటికి తీయించేవారు. వెనక సీటు మామూలు సీటు కాదు, ఎత్తుగా అమర్చిన సింహాసనం. అందులో కూర్చున్నవారు దారిన నిలబడిన జనానికి బాగా కనపడాలి కదా! సీటు ఎత్తయితే తల పైకప్పుకు తగలకూడదు కనక కప్పు కూడా ఎత్తుగానే కట్టారు. నమూనా చేసేటప్పుడు ఈ సంగతి మరిచిపోకండి. ఎత్తు తగ్గించి, అందంగా చేశాం అనుకుంటే అది వేరే కారు అయిపోతుంది.

ఇలాంటి కార్లను మనమంతా వింటేజి కార్లు అంటాం. ఇంగ్లండులో పాతకార్ల సంఘాలవాళ్ళు మాత్రం ఒప్పుకోరు. 1919 నుంచి 1930 దాకా వచ్చినవే వింటేజి, అంతకు ముందువి ఎడ్వర్డియన్ అంటారు. ఆ తగాదా వాళ్ళకే వదిలేద్దాం.

సరే, కారును కొలవాలి. తాడు పట్టుకుని దగ్గరికి వెళితే ఊరుకుంటారా? తాకనివ్వరు. మరి ఎలా? కారులోనే ఒక కొలబద్ద ఉన్నది! అదేమిటో చెప్పుకోండి చూద్దాం.

చక్రం. ఆ జాతి కార్లకు టైరుతో సహా చక్రం అడ్డుకొలత సుమారు మూడడుగులు. కారుకు పక్కగా, సరిగ్గా నడిమికి ఎదురుగా, వీలైనంత దూరంగా నిలబడి ఫోటో తీయండి. తీయనివ్వకపోతే పెన్సిలుతో బొమ్మ గీసుకోండి. బొమ్మలో చక్రం అంగుళం ఉండి, బానెట్టు అంగుళంన్నర ఉంటే, అసలు బానెట్టు నాలుగున్నర అడుగులన్నమాట. ఫోటో సరిగా వచ్చిందో లేదో కూడా చక్రమే చెబుతుంది. చక్రం గుండ్రంగా ఉంటే మీరు సరైన చోట నిలబడ్డారు. కోడిగుడ్డులా ఉంటే పక్కకు జరిగి మళ్ళీ తీయండి.

ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. లాంతర్లు ఎన్ని, తలుపులు ఎటు తెరుచుకుంటాయి, మెట్టు ఎంత వెడల్పు, ఏ భాగానికి ఏ రంగు, ఇవన్నీ రాసుకోండి. మీ పుస్తకంలో లేనిది మీ కారులోకి రాకూడదు. ఇదొక్కటే నియమం, కాని చాలా గట్టి నియమం. కారు అడుగుభాగం మీకు కనపడదు. అక్కడ ఏమున్నదో ఊహించి చెక్కవద్దు. చూడనిచోట ఉత్త చెక్క వదిలెయ్యండి.

ఇక ఎంత చిన్నది చెయ్యాలి? అడుగుకు అరంగుళం చొప్పున చేద్దాం. అంటే అసలు కారులో ఇరవైనాలుగవ వంతు. ఈ కొలత మనం కనిపెట్టింది కాదు. ప్రపంచంలో కార్ల నమూనాలు చేసేవాళ్ళలో చాలామంది వాడేదే. ఇంకా చిన్నవి, నలభైమూడవ వంతువి, దుకాణాల్లో దొరుకుతాయి. నలభైమూడు ఏమిటి, ఈ వింత అంకె ఎక్కడిది అంటే, అడుగుకు ఏడు మిల్లీమీటర్లు చొప్పున చేసిన బొమ్మ రైళ్ళ నుంచి వచ్చింది.

లెక్క చూడండి. పొడుగైన చట్రం గల సిల్వర్ ఘోస్ట్‌లో ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 143.5 అంగుళాలు. అంటే పన్నెండడుగులకు అరంగుళం మాత్రం తక్కువ. నమూనాలో అది ఆరంగుళాలు. చక్రం ఒకటిన్నర అంగుళం. డ్రైవరు అయిదున్నర అడుగుల మనిషి అయితే రెండుముప్పావు అంగుళాల బొమ్మ అవుతాడు.

పొడవు ఇరవైనాలుగవ వంతు అయితే బరువు కూడా ఇరవైనాలుగవ వంతే అవుతుందా? ఇంట్లో అందరినీ అడగండి. చాలామంది అవునంటారు. కాని పొడవు తగ్గింది, వెడల్పూ తగ్గింది, ఎత్తూ తగ్గింది. ఇరవైనాలుగును ఇరవైనాలుగుతో హెచ్చవేసి, మళ్ళీ ఇరవైనాలుగుతో హెచ్చవేస్తే 13,824 వస్తుంది. అసలు కారు రెండు టన్నులు అనుకుంటే, అదే లోహాలతో చేసిన నమూనా 145 గ్రాములు తూగుతుంది. ఒక పెద్ద జామకాయంత! చీమ తనకంటే బరువైన గింజను సునాయాసంగా మోసుకుపోవడంలో కూడా ఈ లెక్కే ఉన్నది. శరీరం చిన్నదయ్యేకొద్దీ బరువు బలం కంటే తొందరగా తగ్గిపోతుంది.

ఇక రెండో ప్రయాణం. ఖమ్మంలో విజయవాడ వైపు పోయే పాసింజరు రైలెక్కితే బోనకల్లు, మధిర, ఎర్రుపాలెం దాటాక తెలంగాణ అయిపోయి ఆంధ్రప్రదేశ్ వస్తుంది. మరి కాసేపటికి కొండపల్లి. కొండపల్లి బొమ్మలు మీ ఇళ్ళలో బొమ్మల కొలువులో చూసే ఉంటారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి. ఇవన్నీ తెల్లపొణికి అనే చెక్కతో చేస్తారు. అది చేతిలోకి తీసుకుంటే బెండులాగా తేలికగా, గోరు దిగేటంత మెత్తగా ఉంటుంది.

అక్కడి పనివాళ్ళు చెక్కను కోసిన వెంటనే చెక్కరు. ముందు దానిని సెగన పెట్టి, తేమ పోగొడతారు. ఎందుకో తెలుసా? పచ్చి చెక్కలో నీరు ఉంటుంది. ఆ నీరు ఆరేకొద్దీ చెక్క కుంచించుకుపోతుంది. బొమ్మ చేసి రంగు వేశాక కుంచించుకుపోతే రంగు పగిలి, అతుకులు విడిపోతాయి. అందుకని కుంచించుకునేదేదో ముందే కుంచించుకోనిస్తారు.

తరవాత కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి అతుకుతారు. అతకడానికి మక్కు వాడతారు. చింతగింజలను పొడి చేసి, ఉడికించి జిగురు తీసి, అందులో రంపపుపొట్టు కలిపితే మక్కు. అది అతుకుతుంది, సందులూ పూడుస్తుంది, ఆరాక చెక్కలాగే గట్టిపడుతుంది. చింతగింజల గంజి సంగతి కుసుమంచి పిల్లలకు కొత్తగాదు. తెలంగాణలో గొర్రెబొచ్చు గొంగడికి బిగువు రావడానికి పెట్టేది కూడా ఆ గంజే. మక్కు మీద సున్నపు పూత, దాని మీద రంగులు.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. కొండపల్లి బొమ్మకు మన కారులాగా కొలత ఉండదు. మావటివాడు ఏనుగు తలంత ఉంటాడు, ఎవరికీ తప్పుగా తోచదు. ఆ పనివాళ్ళది కంటి కొలత, తరతరాలుగా వచ్చినది. మనకు ఆ కన్ను లేదు కనక అంకెలు పట్టుకుని నడవాలి. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది చెక్కనూ మక్కునూ రంగునూ మచ్చిక చేసుకునే విధానం.

పొణికి చెట్టు ఇదివరకులాగా అడవుల్లో దొరకడం లేదు. నరికినంత వేగంగా చెట్టు పెరగదు. చెక్క కోసం దూరాలు వెతకవలసి వస్తున్నది. చెట్టు లేకపోతే కొండపల్లి బొమ్మ లేదు, చింతగింజలు ఎన్ని బస్తాలున్నా ప్రయోజనం లేదు. అందుచేత మన కారుకు పొణికి చెక్క అడగవద్దు. బూరుగు చెక్కయినా, పళ్ళు వచ్చే దేవదారు పెట్టె చెక్కయినా చాలు. మొదటి కారును అట్టతో చేసినా తప్పులేదు.

పని మొదలుపెడదాం. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ కారు మొత్తం చేసేది కాదు. చట్రం, ఇంజను, చక్రాలు మాత్రమే చేసి పంపేది. దాని మీద పెట్టె కట్టడం వేరేవాళ్ళ పని. మన కారుకు పెట్టె కట్టినవారు లండన్‌లో బార్కర్ అనే కంపెనీ. వాళ్ళు అంతకు ముందు గుర్రపు బగ్గీలు చేసేవారు. మనం కూడా ఇదే వరసలో చేద్దాం. ముందు చట్రం, తరవాత ఇరుసులూ చక్రాలూ, అప్పుడు పెట్టె. మొదటే పెట్టె చేసుకుని, చక్రాలు తరవాత చూసుకుందామంటే, నాలుగు చక్రాలూ నేల మీద ఆనవు. ఒకటి గాలిలో ఉంటుంది.

చట్రానికి రెండు సన్నబద్దలు, అడ్డంగా మూడు ముక్కలు చాలు. ఆరంగుళాల దూరంలో ఇరుసు రంధ్రాలు పెట్టండి. రెండు బద్దలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకేసారి రంధ్రం చేస్తే ఇరుసు వంకర రాదు. ఉలి, రంపం పట్టే పని నాన్నగారో బాబాయో దగ్గరుండి చేయించాలి. ఉప్పుకాగితంతో రుద్దే పని మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అది మీదే.

కష్టమైనది చక్రం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరున్నది. అక్కడ అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ గుండ్రని బొమ్మలు చేస్తారు. తిరిగే కర్రకు లక్కకడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి, రంగు దానంతట అదే పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే అద్దంలా మెరుస్తుంది. మనకు తరిమెన లేదు. ఒకటిన్నర అంగుళం బిళ్ళలు అట్టతో కోసి, నాలుగేసి పొరలు అంటించి, చుట్టూ సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీ బిగించండి. ఆకులకు చీపురుపుల్లలు సరిపోతాయి. ఎన్ని పెట్టాలో మీ పుస్తకంలో ఉన్నది కదా!

పెట్టె అయ్యాక లోపల సింహాసనం. అమ్మమ్మ పాత పట్టుచీర అంచు ముక్క దొరికితే రాజుగారికి తగిన ఆసనం అవుతుంది. అయితే ఒక్కసారి ఆలోచించండి. చీర మీద అంగుళం పువ్వు ఉంటే, అసలు కారులో అది రెండడుగుల పువ్వు! గుమ్మడికాయ మీద కూర్చున్నట్టుంటుంది. అన్నిటికంటే సన్నని జరీగీత ఉన్న ముక్కనే వెతకండి.

ఇప్పుడు రంగు. తొందరపడేవాళ్ళు సరిగ్గా ఇక్కడే కారును పాడుచేస్తారు. పసుపు రంగు ఒక విచిత్రమైన రంగు. అది అడుగున ఉన్నదానిని కప్పదు. గోధుమరంగు చెక్క మీద నేరుగా వేస్తే బురదలా కనిపిస్తుంది. ఇంకో పూత, ఇంకో పూత అని వేస్తూపోతే మందమవుతుందే గాని పసుపు రాదు. కొండపల్లివాళ్ళ లాగా ముందు తెల్లగా సుద్ద పూత వెయ్యండి. ఆరనివ్వండి. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దండి. మళ్ళీ సుద్ద, మళ్ళీ రుద్దుడు. వేలితో తడిమితే చెక్క అని తెలియకూడదు. అప్పుడు పసుపు పలచగా వేస్తే, అడుగున ఉన్న తెలుపు వెలుతురును వెనక్కు పంపి, రంగు నిగనిగలాడుతుంది.

పలచగా అని ఎందుకన్నానంటే, ఇక్కడా మన ఇరవైనాలుగు వచ్చి కూర్చుంటుంది. కారంతా చిన్నదయింది, కాని రంగు పూత చిన్నది కాలేదు. నమూనా మీద పూత మిల్లీమీటరులో పదోవంతు మందం ఉన్నదనుకోండి. అసలు కారుమీద అది రెండున్నర మిల్లీమీటర్లతో సమానం. ఏ కారుకైనా అంత మందాన రంగు వేస్తారా? తలుపుల సందులు పూడిపోవూ! పూత ఆరకముందు అరమిల్లీమీటరు ఇసుకరేణువు పడితే, అసలు కారు మీద పెద్ద చింతగింజ అతికినట్టే లెక్క. అందుకని గాలి వీచే అరుగు మీద రంగులు వెయ్యకండి. వేశాక పైన ఒక గంప బోర్లించండి. కోళ్ళ గంప పనికిరాదు, దానికి కన్నాలుంటాయి.

ఇంకో చిన్న రహస్యం ఉన్నది. అసలు కారు రంగునే డబ్బాలో తెచ్చి వేసినా నమూనా మీద కొంచెం ముదురుగా కనిపిస్తుంది. పెద్ద వస్తువును మనం దూరంనుంచి చూస్తాం, మధ్యనున్న గాలీ వెలుతురూ రంగును కాస్త లేతగా చేస్తాయి. చిన్న వస్తువును ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాం. కనక పసుపులో చిటికెడు తెలుపు కలపండి. నమూనాలు చేసేవాళ్ళంతా ఇలాగే చేస్తారు.

కారు తయారయింది. ఇంతటితో పని అయిపోయిందనుకున్నారా? ఇంకొక బండి చెయ్యాలి.

ఈ పసుపు కారు హైదరాబాదు చేరిన రోజుల్లో కుసుమంచి కూడా నిజాం రాజ్యంలోనిదే. అప్పటికి ఖమ్మం జిల్లా లేదు, 1953లో గాని ఏర్పడలేదు. ఇదంతా వరంగల్లు జిల్లాగా ఉండేది. రాజుగారి ఖజానాకు శిస్తు ఇలాంటి ఊళ్ళనుంచే పోయేది. ఆ శిస్తు కట్టడానికి పండిన ధాన్యం ఎడ్లబండి మీద కదిలేది. కనక ఆ బండిని కూడా, అదే కొలతకు, అడుగుకు అరంగుళం చొప్పున చేసి కారు పక్కన పెట్టాలి. కొలత ఒకటే అయితేనే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. కారు ఒక కొలతకూ బండి ఒక కొలతకూ చేస్తే, ఏది పెద్దదో ఏది చిన్నదో మన ఇష్టం వచ్చినట్టు చూపించవచ్చు. అది నమూనా కాదు, మోసం.

ఎడ్లబండిని కొలవడానికి ఎవరి అనుమతి పత్రమూ అక్కరలేదు. పాత కొయ్యచక్రాల బండి ఇప్పుడు తక్కువైనా, వెతికితే ఏ చింతచెట్టు కిందనో దొరుకుతుంది. తాతయ్యలను అడగండి. నొగలు ఎంత, కాడి ఎంత, చక్రానికి ఆకులు ఎన్ని, ఇనుపపట్టా ఎలా ఎక్కించేవారు, అన్నీ చెబుతారు. ఒక్కరిని అడిగితే నలుగురు వచ్చి చెబుతారు! చక్రం అయిదడుగులు ఉన్నదనుకుందాం. నమూనాలో రెండున్నర అంగుళాలు.

ఇప్పుడు రెండు బండ్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. రాజుగారి కారు చక్రం ఒకటిన్నర అంగుళం. రైతు బండి చక్రం రెండున్నర అంగుళాలు! ఎందుకిలా? గతుకుల దారిలో చిన్న చక్రం గుంటలో దిగబడిపోతుంది. పెద్ద చక్రం గుంట మీదనుంచి దొర్లిపోతుంది. కొయ్యచక్రానికి గతుకును తప్పించుకోవడానికి అంతకంటే వేరే ఉపాయం లేదు. కారుకు గాలి నింపిన రబ్బరు టైరు ఉన్నది. 1888లో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి అటువంటి టైరు చేశాడు. గతుకును టైరులోని గాలి మింగేస్తుంది, కనక చక్రం చిన్నదైనా ఫరవాలేదు. పైగా రాజుగారి దారి వేరు, రైతు దారి వేరు.

ఇంకా ఓపిక ఉంటే గణపేశ్వరాలయాన్ని కూడా ఇదే కొలతకు అట్టతో కట్టండి. ఎత్తు మీ పుస్తకంలో రాసి ఉన్నది. ముప్ఫై అడుగులు వచ్చి ఉంటే పదిహేను అంగుళాలు. ఇంత కట్టడానికి బల్ల చాలకపోతే, లోపలి శివలింగం ఒక్కటి చేసినా చాలు. దాని పక్కన రెండుముప్పావు అంగుళాల డ్రైవరును నిలబెట్టి చూడండి.

అన్నీ అయ్యాక కారును మెల్లగా వెల్లకిలా తిప్పండి. అక్కడ రంగు వెయ్యకుండా వదిలిన ఉత్త చెక్క ఉన్నది కదా. దాని మీద పెన్సిలుతో మీ పేరూ, తేదీ, కారును చూసిన చోటూ రాసి, కింద "అడుగుకు అరంగుళం" అని రాయండి. ఎడ్లబండి అడుగున కూడా అదే రాయండి, దానిని కొలవనిచ్చిన తాతయ్య పేరుతో సహా.